చాటకు రెండు అంచులు

చిరంజీవి అమ్మడుకి,
బిలాస్‌పూర్ నుంచి తాతయ్య ఆశీస్సులు.

మీ క్లాసులో తూర్పు తీరం బాగుంటుందా, పడమటి తీరం బాగుంటుందా అని చర్చ పెడితే అందరూ గోవా అన్నారనీ, నువ్వొక్కదానివే విశాఖ అన్నావనీ రాశావు. ఎందుకని మాస్టారు అడిగితే మా అమ్మమ్మ వాళ్ళది అటువైపే అని కూర్చున్నావట. ఆ కారణం ఇంట్లో చెల్లుతుంది కానీ పరీక్ష పేపర్లో చెల్లదు. వ్యాసం రాసి తెమ్మన్నారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మాటలు మాత్రం నీవే ఉండాలి.

కనుచూపు మేరలో సముద్రం లేని రైల్వే కాలనీలో కూర్చుని ఈయన సముద్రాలకి తీర్పు చెబుతున్నాడేమిటని నవ్వుకోకు. రెండు సముద్రాలకీ నీళ్ళు పంచే చోటు మనకి దగ్గర్లోనే ఉంది. కట్నీ వైపు బండెక్కి పెండ్రా రోడ్డులో దిగితే అక్కణ్ణుంచి అమర్‌కంటక్ కొండ మీదికి వెళ్ళొచ్చు. వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడి కుండంలో మొదలైన నర్మద పడమటికి 1,312 కిలోమీటర్లు నడిచి భరూచ్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. అదే కొండ మీద సోన్ నదికి మొదలని చూపించే సోన్‌ముడా ఉంది. ఆ నీళ్ళు గంగలో కలిసి బంగాళాఖాతానికి పోతాయి. వేసవిలో ఇసుక తప్ప ఏమీ కనిపించని మన అర్పా కూడా పెండ్రా ప్రాంతంలోనే పుట్టి, శివనాథ్‌లో కలిసి, మహానది వెంట పారాదీప్ దగ్గర తూర్పు సముద్రం చేరుతుంది. వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టమంటాను. తీరాన్ని తీరం దగ్గర నిలబడి చూస్తే ఫొటో వస్తుంది, అంతే. దాని వెనకాల ఏముందో చూస్తే సంగతి అర్థమవుతుంది.

నర్మద, తపతి వంటివి పక్కన పెట్టు. మిగతా దక్షిణ భారతాన్ని పడమటి అంచు ఎత్తి పట్టుకున్న చాట అనుకో. ఆ ఎత్తిన అంచే సహ్యాద్రి. జూన్‌లో నైరుతి గాలి తెచ్చిన మబ్బు దాన్ని ఢీకొని కురుస్తుంది. కొండకి అవతల, కొంకణం వైపు పడ్డ వాన చూస్తుండగానే సముద్రంలోకి దూకేస్తుంది, ఎందుకంటే మధ్యలో ఉన్నది యాభై, అరవై కిలోమీటర్ల నేలే. ఇవతల పడ్డది మాత్రం మన వైపు దొర్లుతుంది. గోదావరి పుట్టిన త్ర్యంబకానికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరం. అయినా అది అటు పోకుండా 1,465 కిలోమీటర్లు తిరిగి అంతర్వేది చేరుతుంది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణదీ ఇదే కథ. కోనసీమ ఎలా తయారైందనుకున్నావు? సహ్యాద్రి వాన, దారి పొడుగునా కడుక్కొచ్చిన రేగడి మట్టి, బస్తరు మీదుగా ఇంద్రావతీ శబరీ తెచ్చిన వాటా, అన్నీ కలిసి సముద్రాన్ని వెనక్కి నెట్టి వేసిన నేల అది. తూర్పు తీరంలో సగం ఆస్తి పడమటి కొండలదే. ఒకదాన్ని పొగడాలని రెండోదాన్ని తక్కువ చేస్తే నీ వాదనే దెబ్బతింటుంది.

నేను పట్టాలు చూసుకునే ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి నాకు ఈ తేడా లైన్లలోనే బాగా తెలుస్తుంది. కొంకణ్ రైల్వే పూర్తిగా మొదలైంది 1998 జనవరిలో. సుమారు 740 కిలోమీటర్లలో 91 సొరంగాలు, రెండు వేలకి దగ్గరగా వంతెనలు. ఎన్ని వంతెనలో చూడు! ప్రతి వాగూ కొండ దిగీ దిగగానే సముద్రంలో పడుతుంది మరి. కోతల్లో రాళ్ళు జారతాయని వానాకాలానికి అక్కడ వేరే టైమ్‌టేబులు, బండ్లు నెమ్మదిగా నడుస్తాయి, గ్యాంగుమన్లు రాత్రిళ్ళు లైను వెంట తిరుగుతారు. మన వైపు ఇంజనీర్లకి కొండల కంటే నదులే తలనొప్పి. రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన హేవలాక్ వంతెన ఒక్క గోదావరిని దాటడానికి 56 స్పానులు వేసుకుంది. నదులు చిన్నవైతే వంతెనలు ఎక్కువ, నదులు పెద్దవైతే వంతెనలు పొడుగు. వ్యాసంలో ఈ మాట రాస్తే మాస్టారు ఒక మార్కు ఎక్కువ వేస్తారు, చూడు.

ఇక అందం సంగతి. కొంకణంలో సముద్రం తునకలు తునకలుగా కనిపిస్తుంది. సొరంగం, కొబ్బరితోట, ఎర్ర జంబిట్టరాతి గోడ, ఒక్క క్షణం నీళ్ళు, మళ్ళీ సొరంగం. కొండ కొమ్ములు సముద్రంలోకి చొచ్చుకుపోయి మధ్యలో చిన్న చిన్న ఒడ్డులు మిగిల్చాయి. ఆటుపోట్లు కూడా అక్కడ పెద్దవి. ముంబైలో పోటుకీ పాటుకీ తేడా నాలుగైదు మీటర్ల దాకా ఉంటుంది. హాజీ అలీ దర్గాకి వెళ్ళే దారి పోటు వేళ మునిగిపోతుంది, పాటు వేళ బయటపడుతుంది. విశాఖలో ఆ తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. సాయంత్రమంతా బీచిలో కూర్చున్నా తెలియదు.

తూర్పున ఒడ్డు తిన్నగా, పొడుగ్గా, దాపరికం లేకుండా ఉంటుంది. దాక్కునే చోటు లేదు కాబట్టి ఓడలకి అది కష్టం. పైగా ఇసుక కదులుతూ ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి. మద్రాసులో 1870లలో రేవు గోడలు మొదలుపెడితే 1881 తుఫాను వాటిని పడగొట్టింది. మళ్ళీ కట్టిన గోడకి దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం ఒడ్డు కోసుకుపోయింది. విశాఖ రేవు 1933లో తెరిచినప్పుడు ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. అంతకుముందు కెరటాల మీద సరుకు దించడానికి మసూలా పడవలుండేవి. మేకులు లేవు, పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు పడవ వంగుతుంది కానీ విరగదు. బొంబాయి వాళ్ళకి ఈ బాధే లేదు, దేవుడిచ్చిన రేవు.

ఇక్కడ నీ వాదనకి ఒక చిక్కుంది. గోవా వాళ్ళ మీదికి విశాఖను తీసుకెళ్తే నువ్వు ఓడిపోతావు. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చింది అక్కడ. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, యారాడ, ఇవన్నీ పడమటి తీరం పద్ధతి అందాలే. కొండా సముద్రమూ కలిసిన చోటు కావాలంటే గోవాలో బోలెడు ఉన్నాయంటారు. విశాఖ నుంచి చెప్పదలిస్తే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల గురించి చెప్పు. గాలీ నీరూ వేలాది ఏళ్ళు పోగేసి, మళ్ళీ తొలిచిన ఎర్ర ఇసుక అది.

అసలు తూర్పు తీరం కావాలంటే కళింగపట్నం తీసుకో. సరుగుడు తోట దాటేదాకా సముద్రం కనిపించదు, హోరు మాత్రం ముందే వినిపిస్తుంది. వంశధార కలిసే చోట నది నీళ్ళ మట్టిరంగు ఒక గీతలా సముద్రంలోకి సాగి, ఎక్కడో పచ్చటి నీళ్ళలో ఆగుతుంది. నది ముఖద్వారం దగ్గర ఇసుక తిన్నె ఏటేటా చోటు మారుస్తుంది. బోటు దించేవాళ్ళని చూడు. మోకాలి లోతులో బోటు పట్టుకుని నిలబడతారు, ఒక అల పోనిస్తారు, ఇంకోటి పోనిస్తారు, కాస్త తగ్గిందనగానే అందరూ ఒక్కసారి తోస్తారు. గోవాలో నది ముఖద్వారంలో లంగరేసుకునే మరపడవలకి ఈ తోపులాట అక్కర్లేదు.

తుఫానుల మాట దాచి తూర్పు తీరాన్ని మెచ్చుకోవడం నాకిష్టం ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి పోసే మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఒక పొరలా నిలుస్తాయి. కింది చల్లటి నీళ్ళు పైకి రావు, పైపొర వేడెక్కిపోతుంది. తుఫానుకి కావలసింది ఆ వేడే. అందుకే అరేబియా సముద్రం కంటే ఇక్కడ తుఫానులు చాలా ఎక్కువ. 1864లో బందరులో దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో 10,000కి పైగా. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. మన కాలనీలో ఎన్ని ఇళ్ళకి ఆ వారం ఫోన్లు కలవలేదో! డెల్టాని కట్టిన నదులే ఈ వేడికీ కొంత కారణం.

మీ బాబాయి ఎడిసన్‌లో, అత్త ఫ్రీమాంట్‌లో ఉన్నారు కదా, వాళ్ళనీ అడుగు. అమెరికాలోనూ కొండలు పడమటి ఒడ్డుకే ఆనుకుని ఉన్నాయి, తూర్పున న్యూజెర్సీ ఒడ్డంతా ఇసుక. అత్త ఆగస్టులో కూడా సముద్రంలో కాలు పెట్టలేదు, కాలిఫోర్నియా పక్కన వచ్చే చల్లటి ప్రవాహం వల్ల నీళ్ళు జివ్వుమంటాయి. బాబాయి పిల్లలు అదే నెలలో గంటలకొద్దీ ఈదుతారు. పోలిక బాగుంది కదా అని రెండింటికీ ఒకే కారణం రాసేయకు. అక్కడి పడమటి తీరం భూఫలకాల అంచు, భూకంపాలు అందుకే. మన సహ్యాద్రి అంచు కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కరూ, తర్వాత సెషెల్సూ విడిపోయినప్పటి పాత తెగుడు.

నాకు ఏది ఇష్టమంటావా? వానాకాలంలో చూడ్డానికి కొంకణం, బతకడానికి తూర్పు. ఇందులో పక్షపాతం ఉందని నాకూ తెలుసు. మన వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి వచ్చిందే బెంగాల్ నాగపూర్ రైల్వే వల్ల. 1902లో కటక్–వాల్తేరు లైను ఆ కంపెనీ చేతికి వచ్చాక బిలాస్‌పూరూ వాల్తేరూ ఒకే యజమాని కింద ఉండేవి. శ్రీకాకుళం కుర్రాడు ఇక్కడ ఉద్యోగంలో చేరడం అప్పట్లో వింతేం కాదు.

సముద్రం చూడ్డానికే కాక చేపల కోసం కూడా తీరానికి వెళ్తే తేదీలు చూసుకోవాలి. వేట నిషేధం తూర్పున ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమట జూన్ 1 నుంచి జులై 31 దాకా. ఆ రెండు వారాలు ఉమ్మడిగా ఎందుకొచ్చాయో నువ్వే ఆలోచించి రాయి. డిసెంబరు సెలవుల్లో కళింగపట్నం పోదాం. విశాఖ బండిలో విజయనగరం దాకా వెళ్ళి, అక్కడ మారి ఆమదాలవలసలో దిగాలి. రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. మీ సెలవులు ఏ తేదీనో కనుక్కుని వెంటనే రాయి.

ఇట్లు,
మీ తాతయ్య