ఇంట్లో అంతా ఇంగ్లిషే, జర్మన్ ఎలా వస్తుంది?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఓ కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లల్ని చూసుకునే ఓపేర్‌గా జర్మనీ వచ్చి మూడు నెలలైంది. ఇంట్లోవాళ్లు నాతో ఇంగ్లిషులోనే మాట్లాడతారు. రాత్రి దాకా పిల్లల పనే. జర్మన్ క్లాసుకు తీరికే దొరకడం లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, లైప్‌జిగ్

జవాబు: ముందు మీ ఒప్పందం తీసి చదవండమ్మా. ఓపేర్ అంటే పనిమనిషి కాదు. పిల్లల్ని చూసుకోవడం, చిన్నాచితకా ఇంటిపనులు అన్నీ కలిపి రోజుకు 6 గంటలు, వారానికి 30 గంటలు మించకూడదు. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నెలకు 280 యూరోల చేతిఖర్చు, భాషా క్లాసుకు 70 యూరోలు మీకు రావాల్సినవే. మొహమాటపడకుండా ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని మాట్లాడండి. క్లాసు వేళలను వారం పనుల పట్టికలో రాయించుకోండి. ఊళ్లోని ఫోల్క్స్‌హోక్‌షూలేలో, అంటే పెద్దలకు క్లాసులు చెప్పే విద్యాకేంద్రంలో, ఫీజు అందుబాటులోనే ఉంటుంది.

రాత్రి భోజనం దగ్గరైనా జర్మన్‌లోనే మాట్లాడమని ఇంట్లోవాళ్లను అడగండి. అసలు గురువులు పిల్లలే. పడుకోబెట్టేటప్పుడు వాళ్ల బొమ్మల పుస్తకం మీరే పైకి చదవండి. నామవాచకం ముందు ‘డెర్’ అనాల్సిన చోట ‘డీ’ అంటే నాలుగేళ్ల పిల్ల కూడా ఠక్కున సరిదిద్దుతుంది. సిగ్గుపడకండి, మళ్లీ అనండి.

చెప్పినా పని గంటలు తగ్గించకపోతే ఓపేర్ ఏజెన్సీ ద్వారా వేరే కుటుంబానికి మారవచ్చు. అయితే మారేముందే అక్కడి విదేశీయుల కార్యాలయంలో తెలియజేయండి.