త్రాడు పట్టిన చేయి

నాగర్‌కర్నూలు జిల్లా దక్షిణ భాగమున, కృష్ణానదికి ఉత్తరముగా అమ్రాబాదు పీఠభూమి కలదు. నల్లమల అడవులలోని ఈ ప్రదేశము చెంచులకు తరతరాల నివాసము. ఇచ్చట పెద్దపులులు, చిఱుతలు, ఎలుగుబంట్లు సంచరించుచుండును.

చెంచు నేలను చూచి అడవి వార్త తెలిసికొనును. చెదపుట్ట క్రొత్తగా త్రవ్వబడియున్నచో, ఎలుగు సమీపముననే యున్నదని గ్రహించును. వేసవిలో ఇప్పపూలు రాలునపుడు ఎలుగులు ఆ చెట్ల క్రిందికి చేరును. ఎలుగు మనుష్యుని తినుటకై వేటాడదు. అకస్మాత్తుగా ఎదురుపడి బెదరినపుడు మీదబడి చీల్చును. కావున అట్టి చోట్ల అలికిడి చేయుచు నడచుట క్షేమము.

ఎలుగునకు తేనె మిక్కిలి ప్రియము. కాని పెద్ద తేనెటీగలు నిట్టనిలువుగా నున్న కొండచఱియలకు పట్టులు పెట్టును. ఎలుగునకును అందని ఆ తావునకు చెంచు త్రాటి సాయమున దిగును. క్రింద అగాధమైన లోయ. చుట్టును ముసురుకొను ఈగలు. అతడు పొగబెట్టి వానిని తొలగించి, త్రాటిపై వ్రేలాడుచునే పట్టును కోయును.

ఆ సమయమున పైనుండి త్రాటిని కాచువాడు తఱచుగా అతని బావమఱదియే. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ త్రాటిపై నాధారపడియున్నవని అతడెఱుగును. కనుకనే ప్రాణము పోయినను చేయి సడలనీయడు.

ఈ అడవి 1983లో పులుల సంరక్షణ ప్రాంతములో చేరినది. నేడు కొందఱు చెంచులు అటవీశాఖలో పులుల జాడలను కనిపెట్టు పనిలో నున్నారు. పూర్వులు జీవనమునకై నేర్చిన విద్య ఇప్పుడు అడవికే రక్షయైనది.