పలు పలుకుల బడి

పాఠ్యోద్దేశం: భాష, మతం, తెగ వేరైనా విద్యార్థులు పరస్పర గౌరవంతో మెలగినప్పుడే పాఠశాల సార్థకమవుతుందనీ, ఆ గౌరవం ఎదుటివారి పలుకును ఆలకించడంతో ఆరంభమవుతుందనీ తెలియజేయడం.

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ ఒక ప్రాచీనమైన రేవు. మహేంద్రగిరి ప్రాంతంలో పుట్టిన మహేంద్రతనయ ఈ ఊరి చేరువలో సముద్రంలో కలుస్తుంది. కొబ్బరి, జీడి, పనస తోటలతో కనులపండువగా ఉండే ఈ సీమను ఉద్దానం అంటారు. కొండలపై సవరలు, సరిహద్దుకు ఇరువైపులా ఒడియా మాట్లాడేవారు, తీరం వెంబడి తెలుగు మత్స్యకారులు, రైతులు తరతరాలుగా ఇరుగుపొరుగులై జీవిస్తున్నారు. సంతలో బేరమాడే భాష ఒకటైతే, ఇంటిలో జోలపాడే భాష మరొకటి. ఇటువంటి సీమలో పాఠశాల ఎవరి భాషలో పలకాలి? ఈ ప్రశ్నకు నూరేళ్ళకు పూర్వమే సమాధానం చూపిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి.

రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ పరిసరాల కొండలలో సవరలు నివసించేవారు. నాగరికులమనుకొనేవారికి వారంటే చిన్నచూపు. చదువు కావాలంటే వారే మన భాష నేర్చుకోవాలని లోకం తలచింది. రామమూర్తి అందుకు భిన్నంగా ఆలోచించారు. బోధింపదలచినవాడే ముందుగా విద్యార్థి కావాలని నిశ్చయించుకొన్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన వ్యక్తిని తమ ఇంటిలోనే ఉంచుకొని ఆ భాషను అభ్యసించారు. అనంతరం సవర భాషలో పుస్తకాలు రచించి, సొంత ధనంతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి పలుకులోనే చదువు చెప్పించారు. దశాబ్దాల కృషి ఫలితంగా వారి సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

ఒక జాతి భాషను శ్రద్ధగా నేర్చుకొనడమంటే ఆ జాతి కొలిచే దైవాలను, జరుపుకొనే పండుగలను, పాటించే ఆచారాలను గౌరవంతో తెలుసుకొనడమే. మత సామరస్యానికి ఇంతకు మించిన పునాది లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరడంతో రామమూర్తి ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. సరిహద్దు రేఖ నేలను పంచింది గాని, పలుకులను పంచలేకపోయింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని 1956లో మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. రామమూర్తి ఏనాడో ఆచరించినది ఆ విధంగా రాజ్యాంగ ఆశయమైంది.

ఇతర దేశాలు సైతం ఈ విషయాన్ని గుర్తించాయి. 1964 జూలై 21న సింగపూరులో జాతి విద్వేషం వల్ల అల్లర్లు చెలరేగాయి. ఆ గాయాన్ని మరువరాదని 1997 నుండి అక్కడి పాఠశాలలు ఏటా అదే తేదీన జాతి సామరస్య దినం జరుపుతున్నాయి. విద్యార్థులు సంప్రదాయ దుస్తులు ధరించి, ఒకరి సంస్కృతిని మరొకరు తెలుసుకొంటారు.

మనకూ అటువంటి దినమొకటి ఉన్నది. రామమూర్తి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. తెలుగు కోసం పోరాడిన ఆ మహనీయుడు సవరల పలుకునూ తన పలుకువలె ఆదరించారు. కనుక ఆనాటి వేదికపై ఒడియా విద్యార్థి పాటకు, సవర విద్యార్థి కథకు చోటు కల్పించడమే ఆయనకు తగిన నివాళి.

విద్యార్థులారా! తోటివాని యాసను చూసి నవ్వడం చిన్న తప్పుగా తోచవచ్చు. కాని ఆ నవ్వుకు జడిసి బడి మానిన బిడ్డ నష్టం చిన్నది కాదు. ఉద్దానం విద్యార్థి పై చదువులకు నగరం వెళ్ళినప్పుడు అతని మాటతీరును చూసి నవ్వేవారూ ఉంటారు. తనకు బాధ కలిగించేది ఇతరులకు చేయరాదన్న నీతిని తరగతి గదిలోనే అలవరచుకోవాలి. పండుగ ఒక్కనాటిది, పక్కన కూర్చున్న మిత్రుని పలుకు ఏడాది పొడవునా వినవలసినది.

ప్రశ్నలు
1. సవరల విద్య కోసం గిడుగు రామమూర్తి చేసిన కృషిని వివరించండి.
2. "బోధింపదలచినవాడే ముందుగా విద్యార్థి కావాలి" – ఈ భావాన్ని సమర్థించండి.
3. మీ కళాశాలలో తెలుగు భాషా దినోత్సవాన్ని ఏ విధంగా జరుపుతారో పది వాక్యాలలో రాయండి.