మీటరు పట్టుకున్నవాడికే ఉద్యోగం

కెనడాలోని లండన్ పేరు చెప్పగానే మన విద్యార్థులకు వెస్టర్న్ యూనివర్సిటీ, ఫ్యాన్‌షా కాలేజీ గుర్తొస్తాయి. ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్ళు తెలుసుకోవాల్సిన మూడో పేరు ఇంకొకటుంది. గిటార్ ఆంప్లిఫయర్లు సొంతంగా కట్టుకునేవాళ్ళకు బాగా తెలిసిన ‘ది అల్టిమేట్ టోన్’ పుస్తకాల రచయిత కెవిన్ ఓకానర్ సంస్థ పేరు లండన్ పవర్. ఆ పుస్తకాలు మొదట ఈ ఊరి చిరునామాతోనే వెలువడ్డాయి. వాల్వ్ ఆంప్లిఫయర్ శక్తిని తగ్గించే ‘పవర్ స్కేలింగ్’ ఆయన ప్రచారంలోకి తెచ్చిందే. యునెస్కో 2021లో సంగీత నగరంగా గుర్తించిన ఊరికి ఇది తగిన పేరే.

ఆ పవర్ స్కేలింగ్ సర్క్యూట్ పాడైతే బాగుచేయడం ఎలాగో చూద్దాం. టెక్నీషియన్ ఉద్యోగం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తట్టలేదు.

వాల్వులు గట్టిగా పనిచేసినప్పుడే గిటారుకు ఆ గరగర గొంతు వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో 20 వాట్లు మోగిస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరు. 10 వాట్లకు దించినా తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి పెద్ద తేడా తెలియదు. మోత సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 2 వాట్లకు దిగాలి. అందుకే పవర్ వాల్వులకు వెళ్ళే 400 వోల్టులను మధ్యలో ఒక మాస్‌ఫెట్ పెట్టి తగ్గిస్తారు. వోల్టేజీ సగమైతే శక్తి సుమారు పావు వంతు అవుతుంది.

ఇంట్లో కట్టిన ఆంప్లిఫయర్‌లో నాబ్ ఎంత తిప్పినా మోత తగ్గడం లేదనుకుందాం. కొత్తవాళ్ళు వెంటనే కొత్త మాస్‌ఫెట్ తెచ్చి వేస్తారు, అదీ కాలిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ళు ముందు మీటరు తీస్తారు. సర్క్యూట్ సవ్యంగా ఉంటే నాబ్‌తో పాటు మాస్‌ఫెట్ గేట్ వోల్టేజీ కదలాలి, సోర్స్ దానికి కొన్ని వోల్టులు తక్కువలో వెంటే రావాలి. గేట్ కదలడం లేదు. అయితే నాబ్ పాడైందా, దానికి వచ్చే రెసిస్టర్ తెగిందా?

తొందరపడకూడదు, ఇక్కడే మెలిక. గేట్‌కూ సోర్స్‌కూ మధ్య రక్షణ కోసం ఒక జీనర్ డయోడ్ ఉంటుంది. మాస్‌ఫెట్ షార్ట్ అయితే సోర్స్ నేరుగా 400 వోల్టులకు ఎక్కుతుంది, జీనర్ గుండా గేట్‌ను కూడా పైకి లాగేస్తుంది. అంటే కదలని గేట్ చూసి నాబ్‌ను తప్పు పట్టలేం. కరెంటు ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మాస్‌ఫెట్‌ను విప్పి డ్రెయిన్, సోర్స్ మధ్య కొలవాలి. ఒకవైపు మాత్రమే డయోడ్‌లా చూపిస్తే అది మంచిదే కావచ్చు. రెండువైపులా సున్నా దగ్గరికి వస్తే పోయినట్టే.

ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది వేయడం డబ్బు తగలేయడమే. 400 వోల్టులను సగానికి దించితే మాస్‌ఫెట్ మీద పడే 200 వోల్టులు, 50 మిల్లీఆంపులు అంటే ఆ చిన్న ముక్క మీద 10 వాట్ల వేడి. హీట్ సింక్‌కు సరిగ్గా బిగించకపోతే నిలవదు. కింద ఉండే మైకా పొర చిరిగితే మరో ప్రమాదం: మాస్‌ఫెట్ లోహపు వీపు మీద కూడా 400 వోల్టులే ఉంటాయి. ఇక మోత తగ్గి, గొంతు పలచబడి చిరచిరలాడితే బయాస్‌ను అనుమానించాలి. ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్లిఫయర్లలో ప్లేటు వోల్టేజీతో పాటు బయాస్ కూడా దిగాలి. ఈ సంగతి చాలామంది వదిలేస్తారు.

ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో చంపగలిగినంత ఛార్జ్ మిగులుతుంది. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో నిర్ధారించుకున్నాకే చెయ్యి పెట్టాలి. నేర్చుకునే దశలో ఒంటరిగా దీని జోలికి పోవద్దు.

ఇక ఉద్యోగాల సంగతి. గిటార్ ఆంప్లిఫయర్ల రిపేరే జీవనాధారం అనుకోవద్దు, అది చిన్న మార్కెట్. లండన్ ఉన్న ఒంటారియోలోనే ట్రేనర్ ఆంప్లిఫయర్ల యార్క్‌విల్ సౌండ్, గ్వెల్ఫ్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే హామండ్ మాన్యుఫాక్చరింగ్ లాంటి సంస్థలున్నా, ఎక్కువ ఖాళీలు పవర్ సప్లైలు, ఫ్యాక్టరీ డ్రైవులు, వైద్య పరికరాలు, ఛార్జర్ల వైపే ఉంటాయి. లోపం వెతికే తీరు మాత్రం అన్నిచోట్లా ఇదే. కెనడా వృత్తుల జాబితాలో ఎలక్ట్రానిక్స్ టెక్నాలజిస్టులు, టెక్నీషియన్ల కోడ్ 22310, సర్వీస్ టెక్నీషియన్లది 22311. ఒంటారియోలో ఓఏసీఈటీటీ సంస్థ ఇచ్చే సీ.టెక్, సీ.ఈ.టీ. గుర్తింపులకు విలువుంది. కాలేజీ డిప్లొమాల తర్వాత వచ్చే వర్క్ పర్మిట్‌ను 2024 నవంబరు 1 నుంచి చదివిన రంగానికి ముడిపెట్టారు. ఫీజు కట్టేముందు ఆ కోర్సు ప్రభుత్వ జాబితాలో ఉందో లేదో చూసుకోండి, ఏజెంటు మాట చాలదు.

విదేశం వెళ్ళకుండానే మొదలుపెట్టవచ్చు. పాలీసెట్ రాసి ఈసీఈ డిప్లొమా మూడేళ్ళు, లేదా ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ రెండేళ్ళు. తర్వాత హైదరాబాద్ ఈసీఐఎల్ వంటి చోట అప్రెంటిస్‌షిప్ ప్రకటనల మీద కన్నేయండి. ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు మీరు బాగుచేసిన వాటి నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఏ పాయింట్‌లో ఎంత వోల్టేజీ చూశారు, దేన్ని అనుమానించారు, దేనివల్ల ఆ అనుమానం కొట్టివేశారు అని రాసిన నాలుగు పేజీలు సర్టిఫికెట్ కంటే ఎక్కువ మాట్లాడతాయని నా నమ్మకం.

సాధనకు 400 వోల్టులు అక్కర్లేదు. ఇదే మాస్‌ఫెట్ సర్క్యూట్‌ను 24 వోల్టుల సప్లై మీద, 12 వోల్టుల జీనర్‌తో కట్టుకోండి. స్నేహితుడిని పిలిచి మీరు చూడకుండా ఒక లోపం పెట్టమనండి: రెసిస్టర్ ఊడదీయడమో, డ్రెయిన్, సోర్సులను తీగతో కలపడమో. కొలతలు చూసి అది ఏదో కాగితం మీద రాసిన తర్వాతే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.