పత్తిలో పరజన్యువు: పరీక్షా పత్రమును చదువు విధము

చిలప చేతబట్టగానే నూలు నంబరు చెప్పగల పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. పురి హెచ్చినదో తగ్గినదో వారికి వ్రేళ్లే చెప్పును. కాని ఆ నూలు బీటీ పత్తిదా, సేంద్రియ పత్తిదా అన్నది ఏ వ్రేలికిని అందదు. రెండును మగ్గముమీద ఒకే రీతిగా నడచును, రంగును ఒకే రీతిగా పట్టును. ధర మాత్రము వేరు.

సేంద్రియమని నమ్మి హెచ్చు ధరకు నూలు కొన్న సభ్యుడొకరు ఈమధ్య ఒక పరీక్షా పత్రమును తెచ్చి చూపినారు. అదే నూలుతో నేసిన రంగు తువాలును పరీక్షింపగా పరజన్యువు కనబడలేదని అందున్నది. ఆ పత్రమును చూపియే వర్తకుడు పైధర వసూలు చేసినాడట. ఆ పత్రము విలువ ఎంత? ఈ పాఠము అందుకొరకే.

బీటీ పత్తి అనగా, నేలలోని ఒక సూక్ష్మజీవి జన్యువును తెచ్చి చేర్చిన పత్తి. ఆ జన్యువు వలన మొక్కలో కాయతొలుచు పురుగును చంపు ప్రోటీను పుట్టును. మన దేశమున దీనికి 2002 మార్చిలో అనుమతి లభించినది. నేడు పత్తి విస్తీర్ణములో పదింట తొమ్మిది వంతులకు పైగా ఇదే. సేంద్రియ నియమములు దీనిని అంగీకరింపవు.

జాకార్డు అట్టల దండను తలచుకొనుడు. అట్టలోని రంధ్రముల వరుసనుబట్టి అంచున హంస పడునో, రుద్రాక్ష పడునో నిర్ణయమగును. జీవకణములోని డి.ఎన్.ఏ. కూడ అట్టిదే. అందు రంధ్రములకు బదులు ఎ, టి, జి, సి అను నాలుగు అక్షరములు ఉండును. మన మిల్లులు ఎక్కువగా వడకు అమెరికన్ జాతి పత్తిలో ఈ అక్షరములు 200 కోట్లకు పైబడి ఉన్నవి. బీటీ పత్తిలో ఆ దండను ఒకచోట విప్పి, పరాయి అట్టలు కొన్నిటిని నడుమ కుట్టినారు.

వానిని కనుగొను మార్గములలో చౌకయైనది కాగితపు పట్టీ. గింజనో ఆకునో నూరి పట్టీ ముంచిన, ప్రోటీను ఉన్నచో గీత పడును. రైతుకు ఇది చాలును. దూదికి, నూలుకు పనికిరాదు.

రెండవది పి.సి.ఆర్. దీనిని 1983లో కేరీ ముల్లిస్ కనిపెట్టినారు. వెదకదలచిన ముక్క ఉన్నయెడల, వేడిచేసి చల్లార్చిన ప్రతి మారును అది రెట్టింపగును. 30 మారులలో ఒక్కటి 100 కోట్లు దాటును. నూలు పరీక్షలు నేడు ఎక్కువగా ఈ విధముననే జరుగుచున్నవి. కాని ఏ ముక్కను వెదకవలెనో ముందుగా తెలిసియుండవలెను.

మూడవది అక్షరములను వరుసగా చదువుట. 1977లో ఫ్రెడరిక్ శాంగర్ చూపిన పద్ధతితో ఒక మారునకు కొన్ని వందల అక్షరములు చదువవచ్చును. నేటి యంత్రములు కోట్లకొలది తునకలను ఒకేసారి చదువుచున్నవి. దీని ప్రయోజనమంతయు కుట్టు దగ్గర ఉన్నది. పరాయి అట్ట ఏ సొంత అట్ట ప్రక్కన కుట్టబడినదో ఆ చోటు ఒక్కొక్క చేర్పునకు ఒక్కొక్కటి.

ధార్వాడ, నాగపూరు సంస్థల కథ దీనికి మంచి ఉదాహరణ. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయము, నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ పాల్గొని తెచ్చిన బికనేరి నర్మా బీటీ 2008లో అనుమతి పొందినది. అందులోని చేర్పు మన శాస్త్రజ్ఞులదే అని ప్రకటించిరి. తరువాత, మోన్‌శాంటో వారి మాన్ 531 అను చేర్పు అందు కలిసినదని వివాదము లేచి విత్తనము నిలిచిపోయినది. సోపోరీ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2012లో మాన్ 531 అందున్నదని తేల్చినది. రెండు చేర్పులలోను ఉన్నది క్రై1ఎసి జన్యువే. కనుక జన్యువు ఉన్నదా అని ఎన్నిమార్లు అడిగినను ఉన్నదనియే జవాబు వచ్చును. అది ఎవరిదో చెప్పునది కుట్టు మాత్రమే.

ఇక మన నూలు సంగతి. పత్తి పోగు గింజ తొక్కనుండి పెరిగిన ఒకే ఒక కణము. కాయ పండి పగులుసరికి లోపలి జీవపదార్థము ఎండి, మిగులునది దాదాపు సెల్యులోజే. అయినను కోరా దూదిలో, కోరా నూలులో పరీక్షకు చాలునంత డి.ఎన్.ఏ. చిక్కవచ్చును. కాస్టిక్ సోడాతో ఉడికించి, చలువ చేసి, రంగులో ముంచిన పిమ్మట అదియు తునకలై కొట్టుకొనిపోవును. 2019లో వెలువడిన ఐ.డబ్ల్యు.ఎ. 32 అను అంతర్జాతీయ పరీక్షా విధానమును రసాయనములు తగులక ముందున్న సరకునకే వర్తించును. మనము నూలుకు రంగు వేసి తరువాత నేయువారము. కావున బట్ట మగ్గము దిగునప్పటికే ఆలస్యమైపోయినది.

కాబట్టి పత్రము చేతికి రాగానే, పత్తి యొక్క సొంత జన్యువు దొరికినదా అని మొదట చూడవలెను. మంచి ప్రయోగశాలలు పరజన్యువుతోబాటు దానినిగూడ వెదకును. సొంతదియే దొరకనప్పుడు పరాయిది దొరకలేదనుట, దీపము లేని గదిలో దొంగ కనబడలేదనుట వంటిది. నమూనా ఏ బేలు నుండి, ఏ దశలో తీసినారన్నది తరువాతి ప్రశ్న.

పరజన్యువు కొద్దిగా కనబడినంతమాత్రమున రైతును దొంగ యనరాదు. తేనెటీగ పుప్పొడి మోసియుండవచ్చును. జిన్నింగు మిల్లులో నిన్నటి దూది మిగిలియుండవచ్చును. కనబడనంతమాత్రమున అది సేంద్రియమనియు చెప్పరాదు. పురుగుమందు కొట్టినది డి.ఎన్.ఏ.లో వ్రాసియుండదు. కాగితముల మాటకు వచ్చిన, భారతదేశమున సుమారు 20,000 టన్నుల ముడి పత్తికి తప్పుడు ధృవీకరణ జరిగినట్లు గాట్స్ సంస్థయే 2020 అక్టోబరులో ప్రకటించినది.

మన సభ్యుని పత్రములో సొంత జన్యువు ప్రస్తావనయే లేదు. ఆ కొనుగోలులో రంగు వేయని చిలపలు రెండు ఆయన యింట మిగిలియున్నవి. వానిని వర్తకుని ఎదుటనే కాగితపు సంచిలో కట్టి, ఇరువురి సంతకములతో సీలు వేసి, ఒకటి ప్రయోగశాలకు పంపి, రెండవది దాచుమని చెప్పితిమి.