సెల్ఫ్ కొడితే ఒకసారి పలికి, ఒకసారి పలకని బండి

పాత కారున్న ఇంట్లో తరచు వినబడే మాట ఒకటుంది: "పొద్దున్న బాగానే స్టార్టయిందే!" మెకానిక్కుని పిలుచుకొచ్చేసరికి బండి బుద్ధిమంతుడిలా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఆయన వెళ్ళిపోయాక మళ్ళీ మొండికేస్తుంది. పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచెయ్యడం తేలిక. అప్పుడప్పుడు చెడే యంత్రమే మన ఓర్పుకీ, చదువుకీ పరీక్ష పెడుతుంది. ఆ పరీక్షలో నేనొకసారి తప్పాను. ఆ సంగతి చెప్పి, తరవాత పాఠంలోకి వెళతాను.

మాది నల్లజర్ల. మా నాన్నగారికి ఒక పాత అంబాసిడర్ ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో మొదలుపెట్టి, 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని ఆపేదాకా తయారుచేసిన కారు అది. మా బండిది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. 2018 వానాకాలంలో ఆ బండి ఉండుండి సెల్ఫ్ పలకడం మానేసింది. బ్యాటరీ వీకయిందన్నారు ఒకరు. కొత్తది వేశాం. పదిహేను రోజులు బాగుంది, మళ్ళీ అదే తంతు. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్షులు మార్పించాం. మరో వారం నడిచింది. ఏది మార్చినా కొన్నాళ్ళు నడిచేది కాబట్టి, జబ్బు ఆ మార్చిన వస్తువులోనే ఉందని ప్రతిసారీ నమ్మాం.

ఒక రాత్రి రెండింటికి మా మామ్మకి ఆయాసం వచ్చి ఊపిరాడలేదు. ఏలూరు తీసుకెళ్ళాలి. ఇంట్లో కారుండగా 108 ఎందుకనుకున్నాం. ఆవిణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి సెల్ఫ్ కొడితే "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. లైట్లు మాత్రం పట్టపగల్లా వెలుగుతున్నాయి. తోద్దామంటే మేం ఇద్దరమే, వీధంతా బురద. చివరికి పక్క వీధిలో ఆయన్ని లేపి ఆటోలో గుండుగొలను మీదుగా ఏలూరు చేరేసరికి గంట ఆలస్యమైంది. మామ్మ బతికింది. కాని ఆ గంటసేపు ఆవిడ పడ్డ అవస్థ నేను మరవలేను. నేను మన కాలేజీలో బి.యస్సీ. ఫిజిక్సు చదివినవాణ్ణి. ఓమ్ సూత్రం నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. ఆ సూత్రం మా కారు బానెట్ కింద కూడా ఉందని మాత్రం తోచలేదు.

నాలుగు రోజుల తరవాత, తాడేపల్లిగూడెంలో లారీలకి ఎలక్ట్రికల్ పని చేసి మానుకున్న ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. నా చేత నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టించి, బానెట్ ఎత్తి చోకు తీగ పట్టుకుని చూశారు.

"అబ్బాయ్, ఇలా చెయ్యి పెట్టి చూడు. చోకు లాగే తీగకి ఇంత వేడెక్కడిది?"

"ఇంజను వేడేమో బాబాయిగారూ."

"ఇంజనింకా తిరగందే! కరెంటుకి దారి లేక దీన్లోంచి పోతంది."

ఆయన బండి కింద దూరి చూపించారు. ఇంజన్ని బాడీకి కలిపే రాగి అల్లిక పట్టీ పచ్చగా చిలుం పట్టి, నాలుగు పోగుల మీద వేళ్ళాడుతోంది. అదే ఎర్త్ పట్టీ. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు విద్యుత్తుని పోనివ్వదు. సెల్ఫ్ మోటారు తిప్పిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరాలంటే ఆ పట్టీయే దారి. అది తెగితే చోకు తీగ, యాక్సిలరేటరు తీగ లాంటి సన్నదారులే మిగులుతాయి. మోటారు విప్పి బిగించినప్పుడల్లా పట్టీ కదిలి నాలుగు పోగులు ఎక్కడో అంటుకునేవి. మేం జబ్బు కుదిరిందనుకునేవాళ్ళం.

కాలవా, గుర్రపుడెక్కా

లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతూంటే సెల్ఫ్ ఎందుకు తిరగదు? గోదావరి కాలవల కింద బతికే మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. కాలవలో గుర్రపుడెక్క పేరుకుందనుకోండి. ఒక బోదెకి సరిపడే నీళ్ళు దాని సందుల్లోంచి పోతూనే ఉంటాయి. కాలవ నిండా నీళ్ళు వదిలితే మాత్రం ఆ అడ్డు దగ్గరే ఎగదట్టి, దిగువ చేలకి అందవు. చిలుం పట్టిన జాయింటు అటువంటిదే.

లెక్క వేసి చూద్దాం. ఆ జాయింటు నిరోధం 0.02 ఓములు అనుకుందాం. ఒక హెడ్‌లైటు బల్బు తీసుకునేది ఇంచుమించు 4 ఆంపియర్లు. అప్పుడు జాయింటు దగ్గర పోయేది 0.08 వోల్టులు. కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ మోటారు ఇంజన్ని తిప్పడానికి 150 ఆంపియర్ల దాకా అడుగుతుంది. అదే జాయింటు గుండా అంత ప్రవాహం పోవాలంటే 3 వోల్టులు అక్కడే ఖర్చు. ఆ 3 వోల్టులూ 450 వాట్ల వేడిగా మారతాయి. ఒక చిన్న ఇస్త్రీపెట్టె ఎంతో అంత. అందుకే చెడిన జాయింటు చేతికి కాలుతుంది. పెద్దాయన వేళ్ళు చేసింది ఈ లెక్కే.

మొదటి పరీక్ష: హెడ్‌లైట్లు

మీటరు లేకపోయినా ఈ పరీక్ష చెయ్యవచ్చు. హెడ్‌లైట్లు వేసి గోడ మీద వెలుగు చూస్తూ సెల్ఫ్ కొట్టండి.

లైట్లు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా బ్యాటరీ టెర్మినళ్ళు వదులై తెల్లటి బూజు పట్టి ఉండాలి. లైట్లు మసకబారుతూ సెల్ఫ్ "టకటకటక" మని కొట్టుకుంటే సాధారణంగా చార్జి తక్కువ. లైట్లు ఏమాత్రం తగ్గక, "టక్" మని ఒక్క చప్పుడు వచ్చి ఆగితే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులో, మోటారు బ్రష్షులో, ఎర్త్ పట్టీయో చూడాలి. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి నుంచి సోలినాయిడ్‌కి వెళ్ళే సన్న వైరు చూడాలి. ఆ రాత్రి మా లైట్లు మాకు సమాధానం చెబుతూనే ఉన్నాయి. చదవడం మాకు రాలేదు.

రెండో పరీక్ష: మీటరు

మీ బండిలో ఏ ధ్రువం ఎర్తో ముందు చూసుకోవాలి. బ్రిటిష్ పద్ధతి పాత బళ్ళలో కొన్నిటికి పాజిటివే ఎర్తు. గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను అందుకోకుండా కాయిలు సన్న వైరు ఊడదియ్యాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

బండి రాత్రంతా ఆగి ఉన్నాక, నిండుగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12కి దిగిందంటే చార్జి చాలా తక్కువన్నమాట. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సుమారు 9.6 కంటె కిందికి జారకూడదు. మూతలు తీసే బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడవచ్చు. ఒక సెల్లు మిగతావాటికంటె 0.05 తగ్గితే ఆ సెల్లు మీద అనుమానం.

తరవాతిది అసలు పరీక్ష. నెగెటివ్ ఎర్తు బండిలో మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ సీసపు పోస్టు మీద, రెండో కొన ఇంజను లోహం మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటరు 0.3 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్తు దారిలో లోపముంది. అలాగే పాజిటివ్ పోస్టుకీ మోటారు టెర్మినలుకీ మధ్య 0.5 దాటకూడదు. సెల్ఫ్ కొట్టకుండా ఎర్తు వైపు కొలత తీస్తే సున్నాయే వస్తుంది. ప్రవాహం లేనిదే నిరోధం బయటపడదు. మా బండిలో ఇంజను వైపు 3 వోల్టులకి పైగా వచ్చింది.

చికిత్స చవకైనదే. ముందు ఎర్త్ కేబులు ఊడదియ్యాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న బిగించాలి. ఆమ్లపు బూజుని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, జాయింట్లు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక వాజలైను పుయ్యాలి. కొల్లేటి వైపు, చేపల చెరువుల గట్ల మీద తిరిగే బళ్ళని వానాకాలానికి ముందూ తరవాతా ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది. ఇత్తడి బిందెకి చింతపండు పెట్టి తోమే మన ఇళ్ళలో రాగికి చిలుం పడుతుందని వేరే చెప్పాలా!

సెల్ఫ్ తిరిగి కూడా ఇంజను అందుకోకపోతే

1912 క్యాడిలాక్ కారుకి విద్యుత్ స్టార్టరు అమర్చిన చార్లెస్ కెట్టరింగ్ సంస్థ పేరు డెల్కో. కాయిలు, పాయింట్ల పద్ధతి కూడా ఆయనదే. మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్ని ఇప్పటికీ "డెల్కో" అంటే, ఆ సంస్థ పేరే తలుచుకుంటున్నారన్నమాట.

సెల్ఫ్ బాగా తిరిగి ఇంజను అందుకోనప్పుడు, లేదా నడుస్తూ నడుస్తూ ఆగిపోయి చల్లారాక మళ్ళీ స్టార్టయినప్పుడు, ఒక 12 వోల్టుల చిన్న బల్బు కొనండి. దాని ఒక వైరు కాయిలుకి స్విచ్చి నుంచి కరెంటు వచ్చే టెర్మినలుకీ, రెండోది బాడీకీ కలిపి, బల్బుని కంటికి కనబడేచోట కట్టి బండి నడపండి. ఇంజను ఆగిన క్షణంలో బల్బు కూడా ఆరితే లోపం తాళం స్విచ్చిలో, వైరింగులో ఉంది. బల్బు వెలుగుతూనే ఉంటే కాయిలు, కండెన్సరు, పాయింట్లు, పెట్రోలు సరఫరా చూడాలి. పాయింట్ల ఎడం 0.014 నుంచి 0.016 అంగుళం వరకు ఉండాలి. డెల్కో లోపల కదిలే సన్న వైరుని మెల్లిగా లాగి చూడాలి. పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగడం కద్దు. తడి ముసురులో మొరాయిస్తే ముందుగా మూత విప్పి పొడిగుడ్డతో తుడవండి.

మా ఎర్త్ పట్టీ మార్చడానికి అయిన ఖర్చు, అంతకుముందు బ్యాటరీకి, మోటారుకి పెట్టిన డబ్బులో చిల్లరకి కూడా రాదు. డబ్బు పోతే పోయింది. ఒక ముసలావిడ ఊపిరితో చెలగాటమాడామే అన్నదే నా బాధ. విద్యార్థి మిత్రులకి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక వస్తువు మార్చగానే యంత్రం నడిచినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. లోపం కనబడుతున్న సమయంలోనే కొలవాలి. మార్చేముందు కొలవాలి, మార్చాక మళ్ళీ కొలవాలి. ఇప్పుడు మా బండిలో పది అడుగుల వైరూ, ఒక మీటరూ, ఒక చిన్న బల్బూ ఎప్పుడూ ఉంటాయి. వాటి పక్కన 108 నెంబరు కూడా పెద్ద అక్షరాలతో రాసి అంటించాం.