కరావోకేకు మైక్ సెట్టు కొనాలంటే...

పెళ్లి భోజనాలయ్యాకనో, అపార్ట్‌మెంటువాళ్ల సంక్రాంతి సంబరాలలోనో ఒకాయన మైకు పట్టుకుని పాత సినిమా పాట అందుకుంటాడు. వెనక వాద్యకారులెవరూ వుండరు. ఐనా తబలా, వయొలిన్లు, వేణువు అన్నీ వినిపిస్తూనే వుంటాయి. ఎదురుగా తెరమీద పాటలోని మాటలు ఒక్కొక్కటే రంగు మారుతూ వుంటాయి. మీరిది చూసే వుంటారు. దీని పేరు కరావోకే.

జపాన్ భాషలో 'కరా' అంటే ఖాళీ. 'ఓకే' అనేది 'ఆర్కెస్ట్రా' అనే మాటకు వాళ్లు చేసుకున్న పొట్టి రూపం. టోక్యోలో షిగెయిచి నెగిషి 1967లోనే ఇటువంటి యంత్రాన్నొకదాన్ని తయారుచేశాడు. 1971లో కోబె నగరంలో దైసుకె ఇనోయె అనే వాద్యకారుడు కారులో వుండే టేప్ స్టీరియోకు మైకు, ఆంప్లిఫయరు, నాణేలు వేసే పెట్టె కలిపి ఒక యంత్రం కట్టించి, అటువంటివి పదకొండింటిని బారులకు అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఈ వినోదం ప్రపంచమంతా పాకింది.

మన వూళ్లలో ఇప్పుడిది ఒక ఉపాధి కూడా. మీ అన్నయ్యో, బాబాయో ఈ పనిలో దిగాలనుకున్నాడనుకోండి. సామాను కోసం దుకాణానికి వెళితే మొట్టమొదట వినిపించే మాట "ఇది రెండు వేల వాట్లండీ!" అని. ఆ ఒక్క మాట నమ్మి దాచుకున్న డబ్బంతా పోస్తే మొదటి కార్యక్రమంలోనే మైకు కూత పెట్టవచ్చు, వెనక వరుసవాళ్లకు మాటలు తెలియకపోవచ్చు, ముందు వరుసవాళ్ల చెవులు దెబ్బ తినవచ్చు. ఎంచుకునే పద్ధతి మీ ధ్వని, విద్యుత్తు పాఠాలలోనే వుంది. చూద్దాం రండి.

పాట ప్రయాణం

గాయకుని గొంతు గాలిని కంపింపజేస్తుంది. మైకు ఆ కంపనాలను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఈ సంకేతం చాలా బలహీనమైనది, కొద్ది మిల్లీవోల్టులే. మిక్సరు దానిని కొంత పెంచి, లాప్‌టాప్ నుంచి వచ్చే వాద్య సంగీతంతో కలుపుతుంది. ఆంప్లిఫయరు ఆ కలిసిన సంకేతానికి శక్తినిస్తుంది. స్పీకరు దానిని తిరిగి గాలి కంపనాలుగా మారుస్తుంది. గొలుసులో ఒక్క లంకె బలహీనమైతే తక్కినవెంత ఖరీదైనవైనా ప్రయోజనం లేదు.

మొదటి లంకె: మైకు

కరావోకేకు తగినది డైనమిక్ మైకు. దానిలో ఒక పలుచని పొర, ఆ పొరకు అంటించిన తీగచుట్ట, చుట్ట చుట్టూ శాశ్వత అయస్కాంతం వుంటాయి. మాట తగిలి పొర కదిలితే అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదులుతుంది. చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. చేతులు మారుతూ, ఒకోసారి కింద పడుతూ వుండే మైకుకు ఇటువంటి గట్టి నిర్మాణం అవసరం.

ఇంకొక గుణం కూడా చూడాలి. కార్డియాయిడ్ రకం మైకు ముందు నుంచి వచ్చే ధ్వనిని బాగా తీసుకుంటుంది, వెనక నుంచి వచ్చేదానిని చాలావరకు వదిలేస్తుంది. ఈ 'వెనక చెవుడు' మనకు ఎంత మేలు చేస్తుందో కాసేపట్లో తెలుస్తుంది.

వాట్లలోని కిటుకు

ధ్వని స్థాయిని డెసిబెల్లలో కొలుస్తారు. ఇది మామూలు స్కేలు వంటిది కాదు. శక్తి పది రెట్లయితే 10 డెసిబెల్లు పెరుగుతాయి. శక్తి రెట్టింపైతే పెరిగేది సుమారు 3 డెసిబెల్లే. మన చెవికి శబ్దం రెట్టింపైనట్లు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్లు పెరగాలి. అనగా 100 వాట్ల సెట్టుకు బదులు 200 వాట్లది కొంటే శబ్దం రెట్టింపు కాదు, కొద్దిగా పెరిగినట్లు మాత్రమే అనిపిస్తుంది. రెట్టింపుగా తోచాలంటే 1000 వాట్లు కావాలి!

పెట్టెమీద రాసిన వాట్లన్నీ ఒక రకానివి కావు. 'పీఎంపీఓ' అని పెద్ద అంకె వేస్తే దానిని లెక్కలోకి తీసుకోకండి. అది స్పీకరు నిలకడగా ఇచ్చే శక్తి కాదు. 'పీక్' అన్నది క్షణకాలపు హద్దు. ఎక్కువసేపు ఇవ్వగల శక్తిని తెలిపేది 'ఆర్‌ఎంఎస్' అని గాని, 'కంటిన్యువస్' అని గాని రాసిన అంకె. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఒకే రకం అంకెలను పోల్చాలి.

వాట్లకన్నా ముందు అడగవలసినది స్పీకరు సున్నితత్వం. ఒక వాటు శక్తి ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వస్తాయన్నదే ఈ అంకె. కొన్నింటికి 90 వుంటుంది, కొన్నింటికి 96 వుంటుంది. తేడా 6 డెసిబెల్లే కదా అనుకోకండి. 3 డెసిబెల్లంటే రెట్టింపు కనుక 6 అంటే నాలుగు రెట్లు. మొదటి స్పీకరు 100 వాట్లతో చేసే పనిని రెండవది 25 వాట్లతో చేస్తుంది.

ఒక హాలు లెక్క

ధ్వని దూరం పోయినకొద్దీ నాలుగు వైపులా పరుచుకుంటుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగవ వంతు అవుతుంది. ఇదే విలోమ వర్గ నియమం. డెసిబెల్లలో చెప్పాలంటే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు తగ్గుతాయి. స్పీకరు నుంచి 1 మీటరుకు, 8 మీటర్లకు మధ్య దూరం మూడుసార్లు రెట్టింపైంది (1, 2, 4, 8). కనుక తగ్గేది 18 డెసిబెల్లు.

చివరి వరుస 8 మీటర్లలో వున్న హాలును తీసుకుందాం. జనం కబుర్లే 70 డెసిబెల్లు వున్నాయనుకోండి. పాట వాటిమీద తేటగా వినబడాలంటే 15 ఎక్కువ కావాలి, అనగా 85. పాట అంతటా ఒకే స్థాయిలో వుండదు. డప్పు దెబ్బలో, గాయకుడు తారస్థాయి అందుకున్నప్పుడో క్షణకాలం మరో 10 పెరగవచ్చు. మొత్తం 95. దూరంవల్ల పోయే 18 కలిపితే, స్పీకరు ఎదుట ఒక మీటరులో 113 డెసిబెల్లు ఇవ్వగలగాలి.

96 సున్నితత్వం గల స్పీకరైతే ఇంకా కావలసినది 17. పది రెట్లకు 10, ఐదు రెట్లకు 7. అనగా 50 వాట్లు చాలు.

90 సున్నితత్వం గల స్పీకరైతే కావలసినది 23. అందుకు 200 వాట్లు కావాలి.

చూశారా! పెట్టెమీద 200 అని వున్నదీ, 50 అని వున్నదీ ఆ హాలులో ఒకే పని చేస్తున్నాయి. నాలుగు గోడల మధ్య ధ్వని ప్రతిఫలిస్తుంది కనుక ఇంత తగ్గుదల వుండదు. షామియానా కింద మాత్రం ఈ లెక్కను నమ్మవచ్చు. ఆంప్లిఫయరు లోపలే వున్న పవర్డ్ స్పీకర్లకు సున్నితత్వం బదులు 'గరిష్ఠ ధ్వని స్థాయి' అని ఒక అంకె ఇస్తారు. అది క్షణకాలపు హద్దే కనుక మన 113కన్నా కనీసం ఆరేడు డెసిబెల్లు ఎక్కువ వున్నదాన్ని చూసుకోవాలి.

ఎందుకంటే హద్దు మీరితే ప్రమాదం. సంకేతం మితిమీరితే ఆంప్లిఫయరు అలల శిఖరాలను కోసినట్లు చదును చేస్తుంది. గొంతు బొంగురుగా వస్తుంది. చదునైన అలలో హెచ్చు పౌనఃపున్యాలు చేరి, చిన్న స్పీకరైన ట్వీటరు తీగచుట్టను వేడెక్కించి మాడ్చగలవు. మిక్సరుమీద ఎర్రదీపం వెలిగితే వెంటనే తగ్గించాలి.

స్టాండు ఎందుకు?

100 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. అది మనుషులను చుట్టుకుని వెళ్లిపోతుంది. 3400 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లే. దానికి ఎదురుగా వున్న తలకాయే గోడ! మాటలోని చ, స, ష వంటి హల్లుల స్పష్టత ఈ హెచ్చు పౌనఃపున్యాలలోనే వుంటుంది. అందుకే స్పీకరును నేలమీద పెడితే వెనకవాళ్లకు దరువు వినిపిస్తుంది కాని మాట వినిపించదు. స్పీకరును తలలకన్నా ఎత్తున, స్టాండుమీద పెట్టాలి. కొత్తగా మొదలుపెట్టేవారు పెద్ద బాస్ పెట్టెకన్నా ముందు రెండు గట్టి స్టాండ్లు కొనడం మంచిది.

మైకు ఎందుకు కూత పెడుతుంది?

స్పీకరు నుంచి వచ్చిన ధ్వని కొంత తిరిగి మైకులో దూరుతుంది. అది పెరిగి మళ్లీ స్పీకరుకు వస్తుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటికన్నా బలంగా వుంటే చుట్టు చుట్టుకూ పెరుగుతూ పోతుంది. అదే చెవులు చిల్లులుపడే కూత. ఎక్కువ వాట్లు దీనికి మందు కాదు. మందులు ఇవి:

1. స్పీకర్లు గాయకునికన్నా ముందు, జనం వైపు తిరిగి వుండాలి. అప్పుడు మైకు వెనక వైపు స్పీకర్లకు ఎదురవుతుంది.

2. మైకును నోటికి దగ్గరగా పట్టుకోవాలి. 10 సెంటీమీటర్ల నుంచి 5కు తెస్తే గొంతు సుమారు 6 డెసిబెల్లు పెరుగుతుంది. మిక్సరును అంత తగ్గించవచ్చు.

3. మైకు జాలీని పిడికిలితో మూయకూడదు. మూస్తే దాని వెనక చెవుడు పోయి, అన్ని వైపులా వింటుంది.

4. వాడని మైకును ఆపివేయాలి.

మాట ముందు, పాట వెనక

తీగ లేకుండా వుంటే బాగుంటుందని లాప్‌టాప్ నుంచి పాటను బ్లూటూత్ ద్వారా పంపుతారు. సంకేతాన్ని పొట్లం కట్టి పంపి విప్పడానికి సెకనులో పదవ వంతు, ఒకోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సెకనులో పదవ వంతులో ధ్వని 34 మీటర్లు పోతుంది! తెరమీద మాట రంగు మారిన తరువాత సంగీతం వస్తుంది. గాయకుడు తడబడతాడు. కనుక ఇక్కడ తీగే మేలు. తీగలేని మైకు కావాలంటే బ్లూటూత్‌ది కాక, రేడియో తరంగాలతో నేరుగా పనిచేసే యూహెచ్‌ఎఫ్ రకం తీసుకోవాలి.

తీగలు, ఎర్తు

మైకు తీగకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వుంటే మంచిది. దానిలో రెండు తీగలు ఒకే సంకేతాన్ని ఎదురెదురు దశలలో మోస్తాయి. దారిలో చేరే 50 హెర్ట్జ్ కరెంటు రొద రెండింటిలోనూ ఒకే విధంగా చేరుతుంది. మిక్సరు ఒకదానిలో నుంచి ఇంకొకదానిని తీసివేస్తుంది. రొద పోతుంది, పాట మిగులుతుంది.

ఇది మరింత ముఖ్యం. మైకు లోహపు జాలీ గాయకుని పెదవులకు తగులుతుంది. ఎర్తు లేని సాకెట్టుకు సామాను కలిపితే, లోపల ఎక్కడైనా లోపముంటే, 230 వోల్టులు అక్కడిదాకా రావచ్చు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను ఎన్నడూ తీసివేయరాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వున్న బోర్డు తప్పనిసరి. తడి నేలమీద తీగలు పరచరాదు. ఖర్చు తగ్గించుకోదలిస్తే ఇంకెక్కడైనా తగ్గించుకోవచ్చు, ఇక్కడ కాదు.

చెవి హద్దు, వీధి హద్దు

చివరి వరుసలో 85 వచ్చేట్లు పెట్టిన స్పీకరు ఎదుట ఒక మీటరులో 103 వుంటుంది. పనిచేసేచోట చెవుల రక్షణకు అమెరికాలోని నియోష్ సంస్థ సూచించిన హద్దులు ఇవి:

85 డెసిబెల్లు - 8 గంటలు
88 డెసిబెల్లు - 4 గంటలు
91 డెసిబెల్లు - 2 గంటలు
94 డెసిబెల్లు - 1 గంట
100 డెసిబెల్లు - 15 నిముషాలు

ఈ లెక్కన 103కు ఏడున్నర నిముషాలే! చిన్నపిల్లలు స్పీకరు ముందు గంతులు వేస్తుంటే మురిసిపోతాం. వాళ్ల లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బ తింటే మళ్లీ మొలవవు. స్పీకరు ముందు తాడు కట్టి కొంత ఖాళీ వదలడం నిర్వాహకుని బాధ్యత. రోజూ అక్కడే నిలబడే అతడు తన చెవులలోనూ ప్లగ్గులు పెట్టుకోవాలి.

వీధికి కూడా హద్దుంది. మన దేశపు శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం బహిరంగంగా లౌడ్‌స్పీకరు పెట్టాలంటే ముందుగా రాతపూర్వకమైన అనుమతి వుండాలి. మూసిన హాళ్లలో తప్ప, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మామూలుగా వాడరాదు. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు ప్రమాణం. పక్క వీధిలో మీ వంటి విద్యార్థి పరీక్షకు చదువుకుంటూ వుండవచ్చు కదా!

ఏది ముందు కొనాలి?

మంచి డైనమిక్ మైకులు రెండు, చిన్న మిక్సరు, 10 లేక 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు, స్టాండ్లు, మంచి తీగలు, ఆర్‌సీసీబీ బోర్డు. వీటితో నూరుమంది కూర్చునే హాలు నడుస్తుంది. అన్నీ ఒకేసారి కొనకుండా మొదటి రెండు మూడు కార్యక్రమాలకు అద్దెకు తెచ్చి చూడమనండి. ఏది చాలిందో, ఏది చాలలేదో అప్పుడు తెలుస్తుంది. దుకాణంలో మాత్రం సొంత గొంతుతో పాడి, ఇరవై అడుగుల దూరంలో ఒకరిని నిలబెట్టి, మాటలు తెలుస్తున్నాయా అని అడగాలి.

చేసి చూడండి

పాడైపోయిన రేడియోల నుంచి రెండు చిన్న స్పీకర్లు సంపాదించండి. కొద్ది మీటర్ల జంట తీగతో వాటిని కలపండి. బ్యాటరీ అక్కరలేదు, కరెంటుకు కలపనే కూడదు. ఒకదానిలో మీరు గట్టిగా మాట్లాడండి. రెండవదానిని చెవికి ఆనించుకున్న మీ స్నేహితునికి సన్నగా వినిపిస్తుంది. ఒకటి మైకుగా పనిచేసింది, రెండవది స్పీకరుగా!

ప్రశ్నలు

1. 97 సున్నితత్వం గల స్పీకరుకు 10 వాట్లు ఇస్తే, ఆరుబయట 4 మీటర్ల దూరంలో ఎన్ని డెసిబెల్లు వస్తాయి?

2. ఒకే స్పీకరుకు 100 వాట్లకు బదులు 400 వాట్లు ఇస్తే ఎన్ని డెసిబెల్లు పెరుగుతాయి?

3. గాయకుడు మైకు పట్టుకుని స్పీకరు ముందుకు నడిస్తే కూత ఎందుకు వస్తుంది?

జవాబులు: 1. 97 + 10 - 12 = 95 డెసిబెల్లు. 2. సుమారు 6 డెసిబెల్లు. 3. స్పీకరు ధ్వని మైకులోకి బలంగా దూరి, చుట్టు చుట్టుకూ పెరుగుతుంది కనుక.